పంతొమ్మిదో మెట్టు

ఫోన్ మోగేసరికి నేనూ త్రినాథ్ చివరి తాటిముంజ కోసం పోట్లాడుకుంటున్నాం. గిన్నెలో ఒక్కటే మిగిలింది. అతను దాన్ని బొటనవేలితో పొడిచి లోపలి నీళ్లు పీల్చేయబోతుంటే నేను చెయ్యి పట్టుకుని లాగాను. నీళ్లన్నీ నా కొత్త నేత చీర మీద పడ్డాయి. ఇద్దరం నవ్వుకుంటూ ఫోన్ కోసం వెతికాం. అది ముంజకాయల బుట్టలోనే ఉంది.

"ఇందుమతీ, కూర్చుని ఉన్నావా, నిలబడి ఉన్నావా?" అంది సుగుణ మేడం. విశాఖపట్నంలో నేను పనిచేసే ధ్వని ప్రయోగశాలకి ఆవిడే పెద్ద. "శ్రుతికకి ఆమోదం వచ్చింది. మొత్తం ముప్పై రెండు చేతిపనుల బడులు. మొట్టమొదటిది మీ అత్తారి ఊళ్లోనే, పనసలవలసలో."

నేను వేసిన కేకకి పెరట్లో కోళ్లు చెదిరిపోయాయి. పెళ్లయి అప్పటికి పదకొండు రోజులు. కాళ్లకి మెట్టెలు ఇంకా కొత్త. గెంతితే గచ్చు మీద టకటకమని శబ్దం వస్తుందని అంతకు ముందు రోజే కనిపెట్టాను, అందుకే రెండుసార్లు ఎక్కువ గెంతాను. వీణల షెడ్డులోంచి పైడయ్య తాత పరుగులాంటి నడకతో వచ్చారు. ఆయన త్రినాథ్ తండ్రికి తండ్రి. మీసాలనిండా పనస చెక్క పొట్టు.

"ఏటమ్మీ, ఏటయినాది? పాముగాని సూసినావేటి?"

"కాదు తాతగారూ! మీ చెవి ముప్పై రెండు ఊళ్లకి వెళ్తోంది!"

తాత తన చెవి తడుముకున్నారు. "అన్నూళ్లెల్లిపోతే మరి నాకేటి మిగుల్తాదే?"

అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. ఆ మాట ఇప్పుడు గుర్తొస్తే నవ్వు రాదు.

పనసలవలసలో వీణ అంతా ఒకే పనస దుంగలోంచి తొలుస్తారు. చెక్కడం మూడేళ్లలో ఎవరికైనా పట్టుబడుతుంది. పట్టుబడనిది మేళం కట్టడం. తేనెమైనం, బొగ్గుపొడి కలిపిన నల్లటి ముద్దని దండి మీద, అంటే వీణ మెడ మీద, పరిచి, దాని మీద ఇరవై నాలుగు ఇత్తడి మెట్లని ఒక్కొక్కటిగా, తీగ మీటి విని, "ఇక్కడ" అని చెవి చెప్పిన చోట నొక్కాలి. కొలబద్ద పనికిరాదు. ఒక్కో దుంగ ఒక్కోలా పలుకుతుంది. తలవెంట్రుక మందం జరిగినా స్వరం పోతుంది. ఈ "ఇక్కడ" అనేది చెవికి రావడానికి పదేళ్లు పడుతుంది. పదేళ్లు ఆగేవాళ్లు లేక షెడ్డులో చాపలు ఒక్కొక్కటే ఖాళీ అవుతూ వచ్చాయి.

శ్రుతిక పుట్టింది అందుకే. చింతగింజంత పరికరం. చెవి వెనక ఎముకకి అంటించుకుంటే, మెట్టు సరైన చోటికి రాగానే అక్కడ వెచ్చగా తగులుతుంది. తప్పితే చల్లగా. లోపల ఉన్న కృత్రిమ మేధ మీ చెవి తడబడే తీరు కనిపెట్టి, రోజురోజుకీ మిమ్మల్ని ఆ వెచ్చదనం వైపు నడిపిస్తుంది. నలభై రోజుల తర్వాత తీసేసినా పర్వాలేదు. అప్పటికి మీ చెవే మారిపోయి ఉంటుంది. "నలభై రోజుల్లో అరవై ఏళ్ల చెవి" అని దరఖాస్తు మొదటి పేజీలో రాసింది నేనే. ఆ వాక్యం రాసిన రోజు సంతోషం పట్టలేక అరకిలో జీళ్లు ఒక్కదాన్నే తినేశాను.

అరవై ఏళ్ల చెవి అంటే పైడయ్య తాతది. నాలుగు నెలలు ముందు త్రినాథ్, ఆ మైనం తీసేశాక ఆయన, అవే వీణల మీద విడివిడిగా మేళం కడుతుంటే, ప్రతి "ఇక్కడ"నీ శ్రుతిక వింది. నేను త్రినాథ్‌ని చూసింది ఆ పనిలోనే. మెట్టు నొక్కేముందు అతను ఊపిరి బిగబట్టి ఎడమ కన్ను మూస్తాడు. ఆ మూసిన కన్ను చూసే నేను పెళ్లికి ఒప్పుకున్నాను. ఈ సంగతి అతనికి పెళ్లయ్యాక చెబితే, "మరి ఆ తెరిచిన కన్ను నిన్నే చూసేది" అన్నాడు.

నేను చేసిన తప్పు పెళ్లికి మూడు రోజుల ముందుది.

కాకినాడలో మా ఇంట్లో, రెండు చేతులా మోచేతుల దాకా గోరింటాకు పెట్టించుకుని ఉయ్యాల బల్ల మీద కూర్చున్నాను. కదలకూడదు, దేన్నీ ముట్టకూడదు. పిన్నికూతురు నాకు పూతరేకులు తుంచి నోట్లో పెడుతోంది. పక్కన ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. శ్రుతిక తుది రూపం ఆ సాయంత్రమే పంపించాలి. అప్పుడు అందులోంచి శ్రుతిక నన్ను అడిగింది.

"పద్దెనిమిదో మెట్టు వరకు పైడయ్యగారి తీర్పు, త్రినాథ్‌గారి తీర్పు ఒకటే. పంతొమ్మిది నుంచి కలవడం లేదు. తేడా చిన్నదే, కాని ప్రతిసారీ ఒకే వైపు ఉంది. కారణం నాకు తెలియదు. వాళ్లిద్దర్నీ అడిగి చెప్పగలరా? లేకపోతే ఒకరిని ప్రమాణంగా తీసుకోమంటారా?"

మూడు రోజుల్లో ఆ ఇంటికి కోడలిగా వెళ్లబోతున్నాను. మీరు కట్టింది తప్పా, మీ మనవడు కట్టింది తప్పా అని ఆ పెద్దాయన్ని ఎలా అడుగుతాను? ఆ షెడ్డులో తాత కట్టిన మెట్టు మీద మరొకరు వేలు వెయ్యరు. ఆయన లేచి వెళ్లేటప్పుడు మిగతావాళ్లు వీణకి దణ్ణం పెట్టి పక్కకి తప్పుకుంటారు. అది నాలుగు నెలలుగా చూసి మురిసిపోయినదాన్ని.

"తాతగారినే తీసుకో," అన్నాను.

"పంతొమ్మిది నుంచి పైన త్రినాథ్‌గారి తీర్పులు ఏం చెయ్యమంటారు?"

"తీసెయ్."

"తీసేస్తే తిరిగి రావు. తీసెయ్యమంటారా?"

నోట్లో పూతరేకు ఉంది. "ఊఁ" అన్నాను. అంతే. గోరింటాకు ఎంత ఎర్రగా పండిందో అందరూ వచ్చి చూశారు.

ఆమోదం వచ్చిన మూడు వారాలకి షెడ్డు మళ్లీ నిండింది. ముప్పై ఆరు మంది. కొత్త చాపలు పరిచాం. ఎవరో ఒకరు ముందు పెట్టుకుని చూపిస్తే తప్ప పిల్లలకి భయం పోదని సుగుణ మేడం అంటే, త్రినాథ్ ముందుకొచ్చాడు. అతనికి శ్రుతిక అవసరం లేదు. అయినా నేను చేసిన వస్తువు కదా. చెవి వెనక నేనే అంటించాను. అంటించి ఆ చోట ఊదాను కూడా.

"చక్కిలిగింతలు! తాత చూస్తున్నారు!"

"మీరు కదలకండి," అన్నాను గంభీరంగా. తాత ముందు "మీరు", గదిలోకి వెళ్లాక "నువ్వు". ఈ మార్పు ఎప్పుడు తప్పుతానో చూద్దామని అత్తయ్య కాచుకుని ఉండేది.

ఆ వారమే ఆషాఢం వచ్చింది. కొత్త కోడలు అత్తారింట ఉండకూడదని నన్ను కాకినాడ పంపించారు. పని అక్కడి నుంచే చేసుకున్నాను. రోజూ మధ్యాహ్నం త్రినాథ్ ఫోన్ చేసి, ఆ రోజు కట్టిన వీణ మీద ఒక్క స్వరం వినిపించేవాడు. నేను కళ్లు మూసుకుని వినేదాన్ని. స్వరం ఏదైనా నాకు బాగానే ఉండేది, అతను మీటాడు కాబట్టి.

మొదటి వారంలో ఒకరోజు అన్నాడు. "ఇందూ, పై మెట్ల దగ్గర నాకూ నీ మిషన్‌కీ పడ్డం లేదు. చల్లగా తగుల్తోంది."

"మిషన్ మాట వినండి శ్రీవారూ. అది తాతగారి మాటే."

"తాత మాటేనా? నాది కూడా తీసుకుంటాదన్నావు కదేటి?"

"అన్నీ తీసుకుంది. ఏం, నా మీద నమ్మకం లేదా?"

"ఉంది, ఉంది," అని నవ్వేశాడు. "నా చెవే తప్పేమోలే."

ఆ మాట అతని నోట అంతకు ముందు ఎప్పుడూ వినలేదు. విని కూడా నేను, రేపు ఏ స్వరం వినిపిస్తావని అడిగాను. మూడో వారానికి అతనికి చల్లదనం తగలడం మానేసింది. "పడిందోయ్ నాకూ నీ మిషన్‌కీ" అని ఫోన్లో సంబరంగా చెప్పాడు. నేను ప్రయోగశాల నివేదికలో తప్పులన్నీ సున్నా అని చూపే పట్టిక ఒకటి జతచేశాను. యంత్రం తాత చెవిని ఎంత బాగా నేర్పిందో ఆ పట్టిక చెబుతుంది. తాత చెవి ఎలా ఉందో ఆ పట్టికలో ఎక్కడా లేదు. చూడాలన్న ఆలోచనే నాకు రాలేదు.

శ్రావణంలో సారె బుట్టలతో తిరిగి వచ్చాను. బస్టాండులో త్రినాథ్ కనకాంబరాల దండ చొక్కా జేబులో పెట్టుకుని వచ్చాడు. జేబు అంతా నారింజరంగు మరక. ఆ చొక్కా ఉతకనివ్వలేదు నేను.

వారం తిరక్కుండానే వేదవతిగారు వచ్చారు. రాజమండ్రిలో సంగీతం చెప్పే ఆవిడ. ఇరవై ఏళ్లుగా తన శిష్యులకి వీణలు ఇక్కడి నుంచే తీసుకెళ్తారు. ఆటోలోంచి, ఒళ్లో పసిపిల్లని దింపినట్టు ఒక వీణని దింపారు. తాత భోజనం చేసి నడుం వాల్చే వేళ. వరండాలో నేనొక్కదాన్నే ఉన్నాను.

"ఇది ఎవరు కట్టారమ్మా?"

"మా ఆయనేనండీ. త్రినాథ్."

ఆవిడ తల అడ్డంగా ఊపారు. "ఆ అబ్బాయి చెయ్యి నాకు తెలుసు. కింద అంతా తేనెలా ఉంది. పైకి వెళ్లేసరికి పళ్లు జివ్వుమంటున్నాయి. ఇలాంటివి మూడు వచ్చాయి మాకు. పంతొమ్మిది నుంచి ఒక్కటీ నిలవలేదు. విను." మీటారు.

నాకు తేడా తెలియలేదు. ఫోన్లో స్వరం కొలిచే యాప్ తెరిచి దగ్గర పెట్టాను. పద్దెనిమిది వరకు ముల్లు నడుమ నిలబడింది. పంతొమ్మిదికి కుడివైపు ఒరిగింది. ఇరవైకి ఇంకాస్త. ఇరవై నాలుగుకి చివరికంటా. షెడ్డులోకి పరిగెత్తి పిల్లలు కట్టిన వీణలు చూశాను. ఆరు వీణలు. ఆరింటిలోనూ అదే చోట, అదే వైపు, అంతే తేడా. మనుషులు అంత పొందికగా తప్పులు చెయ్యరు.

ల్యాప్‌టాప్ తెరిచి శ్రుతికని అడిగాను. "పై మెట్లు ఎందుకు తప్పుతున్నాయి?"

"తప్పో కాదో నాకు తెలియదు. పంతొమ్మిది నుంచి పైడయ్యగారి తీర్పును ప్రమాణంగా తీసుకోమని మీరు చెప్పారు. కారణం తెలుసుకోమని నేను అడిగాను. ఆ సంభాషణ చూపించమంటారా?"

చూపించింది. నిష్ఠూరం లేదు, దెప్పిపొడుపు లేదు. నేను అన్న "ఊఁ" కూడా తేదీతో, సమయంతో సహా ఉంది.

సుగుణ మేడానికి ఫోన్ చేశాను. పై మెట్లు ఎలా తప్పుతున్నాయో, అక్కడ తాతగారినే ప్రమాణంగా తీసుకున్నానని చెప్పాను. "ఆయనకి డెబ్భై ఆరు కదా," అంది ఆవిడ. "లోపలి చెవిలో సన్నటి వెంట్రుకల్లాంటివి ఉంటాయి. వయసుతో అవి పాడైతే కొందరికి పై స్వరాలు కాస్త దిగి వినిపిస్తాయి. దిగి వినిపిస్తున్నాయని ఆయన మెట్లు పైకి జరిపి ఉంటారు. మొదటి రోజే ఆయన చెవి పరీక్ష చేయించాల్సింది. నేనూ అడగలేదు. అంతటివాడి చెవికి పరీక్షేమిటని."

"శ్రుతిక పెట్టుకున్నవాళ్లకి..." అన్నాను. "వాళ్ల చెవి మళ్లీ మామూలవుతుందా మేడం?"

"పిల్లలకి పర్వాలేదు. వాళ్లకి అంతకు ముందు ఏమీ లేదు, కొత్తగా నేర్చుకుంటారు. త్రినాథ్‌కి పదిహేనేళ్ల చెవి ఉండేది. అతని తీర్పులు భద్రంగా ఉంటే, వాటితోనే వెనక్కి నడిపించొచ్చు. ఉన్నాయి కదా?"

లేవు అని చెప్పడానికి నాకు రెండు ప్రయత్నాలు పట్టాయి.

"అయితే యంత్రం ఏమీ చెయ్యలేదు ఇందుమతీ. తనంతట తానే, మొదటి మెట్టు నుంచి మళ్లీ వినాలి. ఏళ్లు పట్టొచ్చు. పూర్తిగా వస్తుందని మాటివ్వలేను."

గదిలోకి వెళ్లాను. అతనికి ఎలా చెప్పాలో ఆలోచించుకుంటూ తలుపు తోసేసరికి కరిగిన మైనం వాసన. త్రినాథ్ కింద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో నా వీణ ఉంది.

అది అతను నాకు పెళ్లికి ఇచ్చిన వీణ. శ్రుతిక ఇంకా వినడం నేర్చుకుంటున్నప్పుడే, మా పెళ్లి మాట కూడా రాకముందే నా కోసం మొదలుపెట్టి దాచినది. నాకు వాయించడం రాదు. రోజూ గుడ్డతో తుడిచి, కుండ మీద చెక్కిన చిన్న నెమలికి ముద్దుపెట్టి మళ్లీ గవిసెన తొడుగుతాను. పక్కన కుంపట్లో ఇనప పుల్ల ఎర్రగా కాలుతోంది.

"వచ్చేశావా? నువ్వు చూడకుండా సరిచేద్దామనుకున్నాను." సిగ్గుపడుతూ నవ్వాడు. "ఇందూ, ఇదేటి, అప్పుడు నేనింత తప్పుగా కట్టానా? పైవన్నీ దిగిపోయి ఉన్నాయి. ఇన్నాళ్లూ నీకు ఇలాంటి వీణ ఇచ్చి గొప్పలు పోయాను."

ఫోన్ అతని చేతికిచ్చి, "ఒక్కసారి పంతొమ్మిది మీటు," అన్నాను.

మీటాడు. ముల్లు నడుమ నిలబడింది. ఇరవై. నడుమే. ఇరవై నాలుగు వరకు ఊపిరాడనంత నిటారుగా నిలబడింది.

"నీ ఫోన్ పాడైంది," అన్నాడు. మళ్లీ మీటాడు. ఎడమ కన్ను మూశాడు. చెవి దండికి ఆనించాడు. "కాదు ఇందూ. దిగింది. నాకు తెలుస్తోంది కదా. దిగింది."

అప్పుడు చెప్పాను. గోరింటాకు, పూతరేకు, "ఊఁ", అన్నీ. వేదవతిగారు వరండాలో ఉన్నారని చెప్పాను. అతను ఇనప పుల్లని నీళ్లలో ముంచాడు. చుయ్యిమంది. అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"నాదీ ఉంది తప్పు," అన్నాడు. "మూడేళ్లనుంచి తాత పై మెట్లు ఎక్కించేస్తున్నారు. ఈ వేళప్పుడు ఆయన పడుకుంటే, నేను వెనక గదిలో మైనం వేడిచేసి సర్దేసేవాణ్ని. ఎవరికీ చెప్పలేదు. నీకూ చెప్పలేదు. చెబితే ఆయన మళ్లీ మెట్టు ముట్టరు. నీ మిషన్‌కి నా చెవి కూడా ఇచ్చాను కదా, అదే సర్దుకుంటుందిలే అనుకున్నాను. చల్లగా తగిలినప్పుడే పీకి పారెయ్యాల్సింది. నువ్వు చేసింది కదా అని..."

అతని చెవి వెనక చూశాను. పరికరం తీసేసి నాలుగు రోజులైంది. చింతగింజంత చోట చర్మం ఇంకా తెల్లగా ఉంది. అక్కడ నేను ఊదాను.

"ఈసారి చక్కిలిగింతలు రావట్లేదు," అన్నాడు. ఇద్దరం ఏడ్చాం.

తలుపు దగ్గర దగ్గు వినిపించింది. తాత. ఎంతసేపటి నుంచి ఉన్నారో తెలియదు. భుజం మీద తువ్వాలు తీసి గడప మీద పరుచుకుని కూర్చున్నారు.

"బాబూ, నా మైనం మీద నీ గోరు అచ్చు నాను పోల్చలేననుకున్నావేటి?"

త్రినాథ్ తన బొటనవేలి గోరు చూసుకున్నాడు.

"మూడేళ్ల కితమే సూసినాను. నాను కట్టినాక నువ్వు సర్దుతున్నావని. సెవి పోనాదని అప్పుడే తెలిసినాది. సెప్తే నువ్వు సిగ్గుపడతావని నానూరుకున్నాను. ఈ అమ్మి మిషనెట్టుకుని వొచ్చి, ఇద్దరి సెవులూ తీసుకుంటాదంది. పోనీలే, పైన ఈడి సెవి ఉంటాది గదా, నాది పోనా పర్లేదనుకున్నాను." ఆయన నా వైపు చూశారు. "నన్నొక్క మాట అడిగుంటే సెప్పేద్దును గదే తల్లీ."

"అడగడానికి భయమేసింది తాతగారూ."

"నాకూ సెప్పడానికి బయమే ఏసినాది. ఈడికీ అంతే. ఆ మిషనొక్కదానికే బయం లేదు. అదొక్కటే అడిగినాది."

నా వీణని ఒళ్లోకి తీసుకున్నారు. మీటలేదు. పంతొమ్మిదో మెట్టు పక్క మైనాన్ని బొటనవేలితో తడిమారు, కళ్లులేనివాళ్లు ముఖం తడిమినట్టు. "దీన్ని కదపకండి. ఇది ఈడి సెవి బాగున్నప్పటిది. ఈడు మళ్లీ నేర్సుకోవాలంటే దీని దగ్గరే." నెమలిని కూడా ఒకసారి తడిమి, "నానూ కూకుంటాను ఈడి పక్కన. రాకపోతే పోనీ."

వరండాలోంచి వేదవతిగారు గొంతు సవరించుకున్నారు. తాత అటు తిరిగి, "అమ్మా, ఇయ్యాల ఎల్లకండి. రేపొక్క పూట ఉండండి. వినడానికి ఒక్క మంచి సెవైనా కావాల మాకు," అన్నారు. ఆవిడ చెప్పులు విప్పి లోపలికొచ్చారు.

తర్వాత తాత నాతో అన్నారు. "అమ్మీ, రేపు పొద్దున్న ఆరింటికి ఆ ముప్పయ్యారు మందినీ షెడ్డుకి రమ్మని కబురెట్టు. సెవుల యెనక ఏటీ ఉండకూడదు, అన్నీ పళ్లెంలో ఎట్టించు. మీ మేడాన్ని కూడా రమ్మను, తక్కిన ఊళ్లకి పంపేది ఆపమను. ముందు నాను సెప్తాను, నా సెవి సంగతి. తరవాత ఈడు సెప్తాడు. ఆ తరవాత నువ్వు."

"సరే తాతగారూ."

"నీ మిషన్ని కూడా మద్దినెట్టు. ఆ పొద్దు నిన్ను అడిగినాది సూడు, ఎందుకు కలవట్లేదని. అది మల్లా అడగమను, గట్టిగా, అందరికీ ఇనబడేటట్టు. రేపు జవాబు నాను సెప్తాను."